మార్చి రివ్యూలకు ముందు: టెక్నికల్ ప్రెజెంటేషన్ ఇచ్చేవారికి జాగ్రత్తలు

మార్చి నడుమకు వచ్చేసరికి విశాఖ ఇంజినీరింగ్ కళాశాలల్లో ప్రాజెక్టు రివ్యూలు ఊపందుకుంటాయి. ఆ వెంటనే ఎక్స్‌టర్నల్ వైవాలు, అంటే బయటి ఎగ్జామినర్ చేసే మౌఖిక పరీక్షలు. నెలల తరబడి ల్యాబులో చేసిన పనిని పది పదిహేను నిమిషాల్లో, అంతకుముందు ఎన్నడూ చూడని ఎగ్జామినర్‌కు చెప్పి ఒప్పించాలి. పని చేయనివాళ్లు తడబడితే అర్థముంది. రాత్రింబవళ్లు కష్టపడి, నిజంగా నడిచే పరికరాన్ని తయారుచేసిన పిల్లలు కూడా చెప్పే దగ్గర చతికిలబడటం చూస్తే మనసు చివుక్కుమంటుంది. అక్కడ జరిగే పొరపాట్లలో చాలా వరకు ముందే చూసుకుంటే తప్పేవే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పై అధికారుల ముందు మొదటిసారి నిలబడేవారికీ ఇవే జాగ్రత్తలు పనికొస్తాయి.

స్లైడ్ల కంటే ముందు కాగితం

సీనియర్ల పీపీటీ తెరిచి, పేర్లు మార్చి పని మొదలుపెట్టకండి. ముందు ఒక తెల్లకాగితం మీద ఒకే వాక్యం రాయండి: మేం ఏం సాధించాం, అది ఎంతవరకు పనిచేస్తుంది. ఉదాహరణకు, ‘మోటారు బేరింగ్ పాడయ్యే ముందు వచ్చే కంపనాన్ని చవక సెన్సర్‌తో పట్టుకోవచ్చు, అయితే మోటారు వేగం మారుతూ ఉంటే ఈ పద్ధతి నమ్మదగినది కాదు.’ ఈ వాక్యం రాయలేకపోతున్నారంటే ఇంకా స్లైడ్ల దాకా రాలేదని అర్థం. గైడ్ దగ్గరకు వెళ్లి కూర్చోండి. రాయగలిగితే సగం పని అయినట్టే. దానికి అక్కరకు రాని స్లైడ్లన్నీ వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి.

వినేవారెవరో కూడా ముందే కనుక్కోండి. విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసులకు (ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలుములకు) గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. అక్కడ ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన మెకానికల్ విద్యార్థి ‘గోదావరిలో ఉష్ణోగ్రత’ అని మొదలుపెడితే కర్మాగారం ఇంజినీరుకు వెంటనే అర్థమవుతుంది, ఎలక్ట్రానిక్స్ విభాగం నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు అర్థం కాదు. ‘గోదావరి అనే మొదటి బ్లాస్ట్ ఫర్నేసు’ అని ఒక్కసారి చెబితే ఇద్దరికీ సరిపోతుంది.

శీర్షికలో అసలు మాట ఉండాలి

ఈ ఒక్క జాగ్రత్త గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే దీన్ని అందరూ తేలికగా తీసుకుంటారు.

2003 జనవరి 16న కొలంబియా అంతరిక్ష నౌక బయలుదేరిన నిమిషంన్నర లోపే, ఇంధన ట్యాంకు మీది నురుగు పూత నుంచి ఒక ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు ఆ దెబ్బ ఎంత తీవ్రమైనదో లెక్కవేసి నాసా అధికారులకు స్లైడ్ల మీద చూపించారు. వాటిలో ఒక స్లైడ్ శీర్షిక చదివితే, అంతకుముందు చేసిన పరీక్షల సమాచారం ధైర్యం చెబుతోందన్న భావన కలిగేది. అదే స్లైడ్ అడుగున, చిన్న అక్షరాల్లో ఉన్నది మాత్రం వేరు: పరీక్షల్లో వాడిన నురుగు ముక్క ఘనపరిమాణం 3 ఘనపుటంగుళాలు, రెక్కకు తగిలిన ముక్క అంచనా 1920 ఘనపుటంగుళాలు. అంటే 640 రెట్లు. ఆ పరీక్షలను బట్టి ఈ దెబ్బ గురించి ఏమీ తేల్చలేమన్నదే అక్కడ చెప్పవలసిన అసలు మాట. ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా నౌక ముక్కలైంది. మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదానికి ఆ స్లైడే కారణమని ఎవరూ అనలేదు. కానీ ఆ స్లైడ్ చదివిన పై అధికారికి ఇది ప్రాణాపాయానికి సంబంధించిన విషయమని తోచకపోవడంలో వింత లేదని విచారణ సంఘం తన నివేదికలో రాసింది.

మన రివ్యూలో ప్రాణాలు పోవు, నిజమే. కానీ ఈరోజు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో గీతం విశ్వవిద్యాలయంలోనో స్లైడ్ తయారుచేస్తున్న అమ్మాయి రేపు రిఫైనరీలోనో షిప్‌యార్డులోనో భద్రత గురించి స్లైడ్ తయారుచేస్తుంది. అలవాటు ఇక్కడే పడుతుంది. అందుకే ‘ఫలితాలు’ అని శీర్షిక పెట్టి ఊరుకోకండి. ‘స్థిర వేగం దగ్గర లోపం ముందే తెలిసింది’ అని పూర్తి వాక్యం రాయండి. ‘వేగం మారితే తప్పుడు హెచ్చరికలు వచ్చాయి’ అన్నదానికి మరో స్లైడ్, అంతే పెద్ద అక్షరాల్లో. లోపాన్ని అడుగున దాచిన స్లైడ్‌ను ఎగ్జామినర్ పట్టుకుంటే ఆ తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా అనుమానంతోనే వింటారు.

అక్షరాలు 24 పాయింట్ల కంటే తగ్గితే చివరి వరుసకు కనిపించవు. గ్రాఫు తెర మీదకు రాగానే అడ్డంగా ఉన్నది ఏమిటి, నిలువుగా ఉన్నది ఏమిటి, ఏ కొలతల్లో ఉంది అన్నది చెప్పి, ఆ తర్వాతే గీత గురించి మాట్లాడండి. తెలుపు మీద పసుపు రాత పాత ప్రొజెక్టర్ల మీద అసలు కనిపించదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించని వారు హాల్లో ఉండవచ్చు కాబట్టి రంగుతో మాత్రమే వేరుచేయకుండా ఒక గీతను చుక్కలుగా గీయండి.

ఫొటోలు పెట్టేముందు ఆగండి

ఇది మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త. నౌకాదళ స్థావరం, డాక్‌యార్డు, నౌకా పరిశోధన ప్రయోగశాల, షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ అన్నీ ఇక్కడే ఉన్నాయి. మన పిల్లల ఇంటర్న్‌షిప్‌లలో చాలా భాగం వీటిలోనే. లోపల తీసిన ఫొటోను, అక్కడి డ్రాయింగును, కంట్రోల్ రూమ్ తెరను స్లైడ్‌లో పెట్టి చూపడం ఆషామాషీ వ్యవహారం కాదు. రక్షణ స్థలాలకు 1923 నాటి అధికార రహస్యాల చట్టం వర్తిస్తుంది. మిగిలిన కంపెనీలకు వాటి సొంత నిబంధనలు ఉంటాయి. అక్కడ మీకు పని నేర్పిన అధికారికి పీపీటీ మొత్తం పంపి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అనుమతి రాకపోతే మీరే చేత్తో గీసిన బ్లాక్ డయాగ్రం చాలు. అసలు యంత్రం ఫొటో కంటే అదే ఎక్కువ విషయం చెబుతుంది. అనుమతి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి ఫిబ్రవరిలోనే అడగండి.

డెమో ఉంటే

బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా తీగలు గుచ్చే పలక) మీద పెట్టిన తీగలు గాజువాక నుంచి రుషికొండ దాకా సిటీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెస్తే కుదుపులకు ఒకటో రెండో కచ్చితంగా వదులవుతాయి. ఏది వదులైందో పైకి కనిపించదు. వీలైతే డాట్ బోర్డు మీద సోల్డరింగ్ చేయండి. లేదంటే ప్రతి తీగ మొదలు దగ్గర వేడి జిగురు చుక్క వేయండి, ప్రతి తీగ ఎక్కడికి వెళుతుందో కాగితం మీద రాసుకుని ఫొటో తీసి ఉంచుకోండి. సముద్రం పక్క ఊరు కావడంతో ఉప్పుగాలికి రాగి, ఇత్తడి కొనలకు చిలుము త్వరగా పడుతుంది. నెల రోజులు హాస్టల్ కిటికీ పక్కన ఉంచిన కిట్‌ను ముందురోజు తప్పకుండా నడిపించి చూడండి. ఎప్పుడూ గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచడం మంచిది.

డెమో బాగా నడిచిన రోజునే ఫోనుతో వీడియో తీసి పీపీటీ పక్కన పెట్టుకోండి. వేదిక మీద పరికరం మొరాయిస్తే ఒక నిమిషం ప్రయత్నించండి, అంతకు మించి వద్దు. ‘సార్, ఇది నిన్న నడిచినప్పటి వీడియో’ అని చూపించి ముందుకు సాగండి. నలుగురు విద్యార్థులు బోర్డు మీద వంగి తీగలు కదుపుతుంటే నిమిషాలు ఇట్టే కరిగిపోతాయి, చెప్పవలసిన ఫలితం చెప్పకుండానే బెల్లు మోగుతుంది.

ఇంటర్నెట్ మీద ఆధారపడే డెమోకు రెండు వేర్వేరు నెట్‌వర్కుల ఫోన్ హాట్‌స్పాట్లు దగ్గర పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు నెలల్లో సదస్సులకు వెళ్లేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అవి తుపానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు ఊళ్లో కరెంటు, ఫోన్ సిగ్నల్ రోజుల తరబడి లేవు. పీపీటీ క్లౌడ్‌లో మాత్రమే ఉంచుకుంటే అలాంటి రోజున చేతిలో ఏమీ ఉండదు.

హాలు

ముందురోజు సాయంత్రం హాలు తెరిపించి, మీ లాప్‌టాప్‌నే కలిపి చూడండి. పాత ప్రొజెక్టర్‌కు వీజీఏ తీగ, కొత్త లాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ లేదా సి-టైప్ పోర్టు ఉంటాయి. మధ్యలో కన్వర్టర్ ఎవరో తెస్తారులే అనుకోకండి, మీరే కొనుక్కోండి. తెర మీద బొమ్మ రాకపోతే విండోస్ కీతో పాటు ‘పి’ నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి. వెడల్పు స్లైడ్లు పాత తెర మీద పైనా కిందా నల్లపట్టీలతో చిన్నవవుతాయి, అక్షరాల పరిమాణం అక్కడే తేలుతుంది. స్పీకర్లలో హోరు వస్తే లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, చాలాసార్లు ఆగిపోతుంది.

తెలుగు అక్షరాలున్న స్లైడ్లను మరో కంప్యూటర్‌లో తెరిస్తే ఫాంటు లేక గుర్తులుగా మారిపోవచ్చు. అను వంటి పాత ఫాంట్లతో ఇది మరీ ఎక్కువ. యూనికోడ్‌లో టైపు చేసి, పీపీటీతో పాటు పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచండి.

మూడు మీటలు గుర్తుంచుకుంటే చాలు. స్లైడ్ షోలో ‘బి’ నొక్కితే తెర నల్లబడి చూపులు మీ వైపు తిరుగుతాయి. స్లైడ్ నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికి వెళుతుంది. షిఫ్ట్‌తో ఎఫ్5 నొక్కితే ఉన్న స్లైడ్ నుంచే షో మొదలవుతుంది.

ఉదయం పూట రివ్యూ అయితే ఎన్‌ఏడీ కొత్తరోడ్డు, మద్దిలపాలెం, హనుమంతవాక కూడళ్ల రద్దీని లెక్కలో వేసుకుని బయలుదేరండి.

మాట, ప్రశ్న

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లిష్‌కు భయపడి పేరాలకు పేరాలు బట్టీ పడతారు. దయచేసి అలా చేయకండి. మధ్యలో ఒక పదం జారితే మొత్తం జారిపోతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు మాత్రం నోటికి రావాలి. మిగిలినదంతా చిన్న చిన్న వాక్యాల్లో, మీకు అర్థమైనట్టే చెప్పండి. గడియారం పెట్టుకుని, నిలబడి, గొంతెత్తి సాధన చేయండి. మనసులో చదువుకుంటే సమయం తెలియదు. బ్యాచ్‌లో నలుగురుంటే నాలుగో వారికి ధన్యవాదాలు చెప్పే పని మాత్రమే ఇవ్వకండి. ఎగ్జామినర్లు మౌనంగా ఉన్నవారినే అడుగుతారు.

డేటా నుంచి కంప్యూటర్ తానే నేర్చుకునే మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు వారికి ప్రత్యేకంగా ఒక మాట. ‘98 శాతం కచ్చితత్వం’ అని రాసేముందు మీ డేటాను మళ్లీ చూడండి. 100 మందిలో ఇద్దరికే జబ్బు ఉంటే, ఎవరికీ జబ్బు లేదని చెప్పే ప్రోగ్రామ్‌కు కూడా 98 శాతమే వస్తుంది. ఆ ఇద్దరిలో ఎందరిని పట్టుకున్నారన్నదే ఎగ్జామినర్ అడిగే ప్రశ్న. ఒకే రోగి చిత్రాలు ప్రోగ్రామ్ శిక్షణకు వాడినవాటిలోనూ పరీక్షకు వాడినవాటిలోనూ ఉన్నాయేమో కూడా చూసుకోండి. ఈ జవాబులను చివరి స్లైడ్ తర్వాత అదనపు స్లైడ్లుగా సిద్ధంగా పెట్టుకోవచ్చు.

ప్రశ్న అర్థం కాకపోతే ‘సార్, మరొక్కసారి చెప్పగలరా’ అని అడగండి, అందులో తప్పు లేదు. తెలియకపోతే ‘అది మేం పరీక్షించలేదు మేడమ్, పరీక్షించాలంటే ఈ కొలత తీసుకోవాలి’ అనండి. ఊహించి చెప్పిన జవాబు మీద రెండో ప్రశ్న పడుతుంది, దాని మీద మూడోది.

హాలు కంప్యూటర్ వాడి ఉంటే లేచి వచ్చేముందు మీ మెయిల్ నుంచి లాగౌట్ అవ్వండి, డెస్క్‌టాప్ మీది ఫైలును రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసేయండి, పెన్‌డ్రైవ్‌ను మీ లాప్‌టాప్‌కు పెట్టేముందు వైరస్ స్కాన్ చేయండి. అడిగిన ప్రశ్నలన్నీ ఆ సాయంత్రమే రాసి పెట్టుకోండి. ఎక్స్‌టర్నల్ వైవాలో వాటిలో కొన్ని మళ్లీ వస్తాయి.