బ్రెయిలీ పలకపై తొలి వారాలు: ఛాత్రోపాధ్యాయులకు

ప్రత్యేక విద్యలో బి.ఎడ్. చదివే ఛాత్రోపాధ్యాయులను మొదట తికమక పెట్టేది పలక, అంటే చూపులేనివారు వేలితో చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి అయిన బ్రెయిలీని రాసే గడుల చట్రం. గట్టి కాగితాన్ని పలకలో బిగించి, మొనదేలిన పరికరమైన స్టైలస్‌తో పొడిచినప్పుడు చుక్క వెనుకవైపు ఉబుకుతుంది కనుక, కుడి నుంచి ఎడమకు రాసి, కాగితం తిప్పి, ఎడమ నుంచి కుడికి చదవాలి. ఇందుకోసం అద్దంలో కనిపించినట్టు మరో వర్ణమాలను కంఠస్థం చేయడం వృథా శ్రమ. గడిలోని ఆరు చుక్కల్లో చేతికి ముందుగా తగిలే నిలువు వరుస 1, 2, 3 అనీ, తర్వాతిది 4, 5, 6 అనీ గుర్తుంచుకుంటే రాసేటప్పుడూ చదివేటప్పుడూ అంకెలు మారవు. అందుకే అక్షరాన్ని ఆకారంగా కాక అంకెలుగా పైకి పలుకుతూ రాయాలి: క అంటే 1-3, మ అంటే 1-3-4.

తెలుగుకు వాడే భారతి బ్రెయిలీలో గుణింతం సులభమే. హల్లు తర్వాతి గడిలో అచ్చును రాస్తే చాలు, 'కి' అంటే క, ఇ. చిక్కంతా ఒత్తులతోనే. ముద్రిత అక్షరాల్లో కింద కనిపించే ఒత్తుకు ఇక్కడ చోటు లేదు. పొల్లు గుర్తు అయిన 4వ చుక్క హల్లుకు ముందే వస్తుంది. 'అమ్మ'ను అ, పొల్లు, మ, మ అని నాలుగు గడుల్లో రాయాలి. 'వరంగల్' రాసేటప్పుడు కూడా చివరి ల కంటే ముందు పొల్లు పడాలి: వ, ర, సున్న, గ, పొల్లు, ల, మొత్తం ఆరు గడులు.

సాధనకు నేను 'హనుమకొండ'ను ఎంచుకుంటాను. హ (1-2-5) తిరగబడితే జ (2-4-5) అవుతుంది, న (1-3-4-5) తిరగబడితే డ (1-2-4-6) అవుతుంది. అంటే వరుసలు తారుమారు చేసిన ఛాత్రోపాధ్యాయుడి కాగితంపై పిల్లవాడి వేలికి మొదట తగిలేది 'జడ'. ఏ (1-5), ఇ (2-4) కూడా ఇలాంటి జంటే.

పెర్కిన్స్ అనే బ్రెయిలీ టైపు యంత్రం మీద రాసింది రాసినట్టే పైకి ఉబుకుతుంది కనుక ఈ బాధ లేదు. అయితే పలక అలవాటయ్యాకే దాని దగ్గరకు వెళ్లడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తరగతిలో పిల్లల చేతుల్లో ఉండేది చాలావరకు పలకే.

చూపున్నవారు చుక్కలను నీడలతో చదువుతారు. కాగితంపై పక్కనుంచి వెలుతురు పడేలా కూర్చోవాలి. దానితో ఆగకుండా, రోజూ కొంతసేపు కళ్లు మూసుకుని, వేలికొనను నొక్కకుండా, పైకీ కిందికీ రుద్దకుండా, వరుస వెంట తేలికగా జరపాలి. అప్పుడే లోతు చాలని చుక్కలూ, స్టైలస్ వాలడం వల్ల చిరిగిన చుక్కలూ తెలుస్తాయి.