క్వాలిస్ సెల్ఫ్ 'టక్'మని ఆగిపోతోందా? బ్యాటరీ కొనేముందు ఇది చూడండి

తాళం తిప్పితే బానెట్ కింద 'టక్'మని ఒక్క చప్పుడు. సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పే స్టార్టర్ మోటారు) కదలక ఇంజిన్ తిరగదు. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. ఐదోసారో ఆరోసారో మామూలుగా స్టార్టవుతుంది, రెండు రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ మొదలు. పాత టొయోటా క్వాలిస్ డీజిల్ బండ్లతో ఈ గొడవ నాకు బాగా అలవాటు. వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే కొత్త బ్యాటరీ కొనేసి ఉంటారు. కొందరు హీటర్ ప్లగ్‌లు (స్టార్ట్ చేసేముందు డీజిల్ ఇంజిన్‌ని లోపల వేడిచేసేవి) కూడా మార్చేసి వస్తారు. ఇంజిన్ తిరుగుతూ అంటుకోకపోతే హీటర్లను అనుమానించాలి గానీ, అసలు తిరగనప్పుడు వాటి జోలికెందుకు?

ముందు హెడ్‌లైట్లు వేయండి

అరనిమిషం పని. దీన్నే అందరూ వదిలేస్తారు. లైట్లు వేసి ఉంచి తాళం తిప్పండి. లైట్లు బాగా డల్లయిపోయినా, 'టకటకటక' అని వరసగా కొట్టుకున్నా బ్యాటరీ, టెర్మినళ్లు, ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ వైరు చూడండి. టెర్మినల్ విప్పి లోపలివైపు కూడా గీకాలి, పైపైన తుడిస్తే చాలదు. లైట్లు దాదాపు అలాగే ఉండి, గట్టిగా ఒక్క టక్ మాత్రమే వస్తే బ్యాటరీని వదిలేయండి. తప్పు దాదాపుగా సెల్ఫ్‌లోనే ఉంటుంది.

సొలినాయిడ్‌లోని రాగి కాంటాక్టులు

ఈ డెన్సో కంపెనీ సెల్ఫ్‌లో సొలినాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) మూత వెనక రెండు రాగి ముక్కలు ఉంటాయి. వీటినే కాంటాక్టులంటారు. ఒకటి బ్యాటరీ వైపు, ఒకటి మోటారు వైపు. తాళం తిప్పగానే ప్లంజర్ (సొలినాయిడ్ లోపల ముందుకీ వెనక్కీ జరిగే ఇనుప కడ్డీ) చివరున్న రాగి బిళ్ల వెళ్లి రెండింటినీ కలుపుతుంది. కలిసిన ప్రతిసారీ చిన్న మెరుపు, ఆ మెరుపుకి కొంచెం రాగి పోతుంది. ఏళ్లు గడిచేసరికి ముక్క అరిగిపోయి, బిళ్ల అక్కడిదాకా వచ్చినా రెండోవైపు ఆనదు. టక్ అనేది ప్లంజర్ కదిలిన చప్పుడే, కరెంటు మాత్రం దాటలేదు. బిళ్ల కొంచెం కొంచెం తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఏదో ఒకసారి అరగని అంచు తగిలి బండి స్టార్టవుతుంది. అందుకే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లగానే లోపం కనిపించదు.

ఖాయం చేసుకోవాలంటే మల్టీమీటరు ఒక కాలు సొలినాయిడ్ మీది బ్యాటరీ స్టడ్‌కి (బ్యాటరీ లావు వైరు బిగించే బోల్టు), రెండోది మోటారు స్టడ్‌కి పెట్టండి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. తాళం తిప్పకముందు 12 ఓల్టుల పైన చూపిస్తుంది. టక్ అన్నప్పుడు అది సున్నా దగ్గరికి పడిపోవాలి. 12 దగ్గరే ఉండిపోతే కాంటాక్టులు పోయినట్టే. సున్నాకి పడినా మోటారు తిరగకపోతే కార్బన్లు (మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు) చూడాలి.

మార్చేటప్పుడు

బ్యాటరీ నెగటివ్ తీశాకే సెల్ఫ్ దింపండి. మూత విప్పి ప్లంజర్ లాగితే లోపల నల్లటి రాగి పొడి, కాంటాక్టు మీద నెలవంకలా తిన్న మెట్టు కనిపిస్తాయి. బ్యాటరీ వైపుది సాధారణంగా ఎక్కువ అరుగుతుంది. దాన్ని ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పోయింది ఎత్తు, రుద్దితే ఇంకా పోతుంది. ఒక్కటే మార్చడమూ తప్పే: కొత్తది ముందు తగిలి, బిళ్ల ఒరిగి, పాతదాన్ని సరిగా ముట్టుకోదు. రెండూ మార్చండి, బిళ్ల మీద లోతైన గాడి ఉంటే ప్లంజర్ కూడా.

స్టడ్ మీది ఇన్సులేటింగ్ వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నట్ బిగిస్తుంటే కాంటాక్టు దాంతోపాటు తిరిగి వంకరవుతుంది, పట్టుకుని బిగించాలి. తర్వాత ప్లంజర్‌ని చేత్తో నొక్కి, బిళ్ల రెండింటికీ సమంగా ఆనుతోందో చూడండి. చివరగా ప్లంజర్ వదిలేసి బ్యాటరీ స్టడ్‌కీ సెల్ఫ్ బాడీకీ మధ్య మీటరుని కంటిన్యుటీలో (రెండూ కలిసి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టండి. బీప్ వస్తే వాషర్ తప్పిపోయింది. అలాగే బిగిస్తే బ్యాటరీ తగిలించగానే నేరుగా షార్టవుతుంది.

మిగతావి

టక్ కూడా రాకపోతే ఇగ్నిషన్ స్విచ్, రిలే, సొలినాయిడ్‌కి వచ్చే సన్న వైరు. మోటారు గిర్రున తిరిగి ఇంజిన్ తిరగకపోతే సెల్ఫ్ క్లచ్ (మోటారు తిప్పుడుని ఇంజిన్‌కి అందించే భాగం). ఆర్మేచర్ (మోటారులో తిరిగే వైండింగ్) కాలిపోవడం అరుదు. స్పానర్‌తో సెల్ఫ్ మీద కొడితే స్టార్టవుతోందంటే అది రిపేరు కాదు, ఇంటికి చేరడానికి మాత్రమే. మర్నాడే విప్పించండి.