ఆర్టీఐ దరఖాస్తుకు జవాబు రాలేదా? రోజులు ఇలా లెక్కపెట్టండి

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టడం చాలామందికి తెలుసు. పెట్టాక ఎన్నాళ్లు ఆగాలో, ఏ రోజు అప్పీలుకు వెళ్లాలో మాత్రం తెలియదు. నాకూ తెలియదు. మొదటిసారి ఒక ఆఫీసులో కాగితం ఇచ్చి, "వచ్చే వారం రండి" అన్న మాట నమ్మి నాలుగు నెలలు తిరిగాను. తీరా అప్పీలు వేద్దామంటే గడువు ఎప్పుడో దాటిపోయింది. జవాబివ్వడానికి ఆఫీసుకు గడువున్నట్టే, నిలదీయడానికి మనకూ ఒకటుంది.

మొదట తేదీకి రుజువు సంపాదించండి

లెక్క మొదలయ్యేది మీరు దరఖాస్తు రాసిన రోజు నుంచి కాదు, అది ఆఫీసుకు చేరిన రోజు నుంచి. నేరుగా ఇస్తే రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. "తీసుకున్నాం లెండి, వెళ్లండి" అంటే కదలకండి. స్పీడ్ పోస్టులో పంపితే రసీదుతో పాటు, ట్రాకింగులో డెలివరీ తేదీ కనిపించే పేజీని కూడా ప్రింట్ తీసి దాచండి. సమాచారం ఎందుకని అడిగితే కారణం చెప్పక్కర్లేదు.

మీకు ఏ గడువు వర్తిస్తుందో చూసుకోండి

మామూలుగా 30 రోజులు. పోస్టాఫీసు లాంటి చోట సహాయ పౌర సమాచార అధికారికి (దరఖాస్తు తీసుకుని అసలు ఆఫీసుకు పంపే అధికారి) ఇస్తే మరో 5 రోజులు కలపాలి. అడిగిన విషయం వేరే శాఖదైతే మీ దరఖాస్తును 5 రోజుల్లోపు అక్కడికి బదిలీ చేయాలి. "మా పరిధి కాదు" అని తిప్పి పంపడం కుదరదు. మీరు అడిగింది మూడో వ్యక్తి రహస్యంగా ఉంచమని ఇచ్చిన సమాచారమైతే అతని మాట కూడా వినాలి కాబట్టి 40 రోజులు. మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. పోలీసులు తీసుకెళ్లిన మనిషి ఎక్కడున్నాడన్నది అలాంటి ప్రశ్న. తొందరగా వస్తుందని రేషన్ కార్డు దరఖాస్తు మీద కూడా '48 గంటలు' అని రాసేవాళ్లున్నారు, అది చెల్లదు.

ఫీజు ఉత్తరం వస్తే జాగ్రత్త

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కాపీలకు ఇంత కట్టండి అని ఉత్తరం పంపిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు దాకా లెక్క ఆగిపోతుంది. ఇరవయ్యో రోజున ఉత్తరం పంపారనుకుందాం. మీరు నెల తర్వాత కడితే, వాళ్లకు అప్పటి నుంచి ఇంకా 10 రోజులు ఉంటుంది. అందుకే వెంటనే కట్టి రసీదు తీసుకోండి. అదే ఉత్తరం గడువు దాటాక వచ్చిందా, పైసా కట్టక్కర్లేదు. ఆలస్యమైతే సమాచారం ఉచితంగానే ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతోంది. ఆ సెక్షన్ పేరు రాసి జవాబు పంపండి. ఉత్తరం కవరు మాత్రం పారేయకండి, పోస్టు ముద్రే మీ సాక్ష్యం.

మౌనం కూడా తిరస్కరణే

గడువులోపు జవాబు రాకపోతే చట్టం దృష్టిలో నిరాకరించినట్టే. జూన్ 3న దరఖాస్తు చేరిందనుకోండి. జులై 3 దాకా చూడండి. అక్కడి నుంచి 30 రోజుల్లో, అంటే ఆగస్టు 2 లోపు, అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అసంపూర్తిగా జవాబు వచ్చినా ఇదే దారి, కాకపోతే లెక్క జవాబు అందిన రోజు నుంచి.

మొదటి అప్పీలును 30 రోజుల్లో తేల్చాలి. కారణం రాసిపెట్టి 45 రోజుల దాకా తీసుకోవచ్చు. మీ అప్పీలు జులై 10న చేరితే మొదటి గడువు ఆగస్టు 9, ఆఖరిది ఆగస్టు 24. అప్పటికీ తేలకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. నేనైతే ముందు తేదీ, అంటే ఆగస్టు 9 నుంచే లెక్కేసుకుంటాను, అలా చూస్తే నవంబర్ 7 ఆఖరు. తేదీ జారిపోయినా టెన్షన్ పడకండి. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే వీలు రెండు అప్పీళ్లకూ ఉంది. కారణం బలంగా ఉండాలి మరి.

కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలన్నది చట్టంలో లేదు. నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు. అందుకే కాగితాలు పకడ్బందీగా పంపండి: పైన ఒక పేజీలో తేదీల పట్టిక, కింద వరుసగా రుజువుల నకళ్లు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా జరిమానా వేయొచ్చు. అది వేయమని అప్పీలులో మీరే స్పష్టంగా అడగండి.