కన్వర్టర్ మార్చే ముందు సబ్బు నీళ్లు

పాత పెట్రోల్ సెడాన్‌లో చెక్ ఇంజిన్ లైట్ వెలిగి, స్కానర్‌లో పీ0420 కోడ్ (పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే సూచన) వస్తే వెంటనే డబ్బులు తీయకండి. అనంతపురంలో మా మెకానిక్ కూడా “కన్వర్టర్ పోయిందన్నా” అనేశాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. పొద్దున్నే, పైపు చల్లగా ఉన్నప్పుడే బండిని ఆరుబయట స్టార్ట్ చేసి సైలెన్సర్ పైపు జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లాను. ఒకచోట బుడబుడా బుడగలొచ్చాయి. గ్యాస్కెట్ (జాయింట్ మధ్య ఉండే సీలు) లీకు! అందులోంచి బయటి గాలి లోపలికి పోయి ఆక్సిజన్ సెన్సర్‌ను తికమక పెడుతోంది. లీకు లేకపోతే, ఇంజిన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో కన్వర్టర్ తర్వాత ఉండే వెనక ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజీ చూడండి. 0.6, 0.7 దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ బాగున్నట్టే. కన్వర్టర్‌కు ముందుండే సెన్సర్‌లాగా 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుంటే మాత్రం మెకానిక్ మాటే నిజం కావచ్చు.