ఆర్స్ మ్యాజికాలో మాంత్రికుణ్ణి, అతని పరిశోధననూ బలంగా తీర్చిదిద్దుకోవడం ఎలా?

టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేముల్లో మాంత్రికుడంటే చాలామందికి గుర్తొచ్చేది నిప్పుబంతి విసరడం. ఆర్స్ మ్యాజికాలో ఆ నిప్పుబంతిని కనిపెట్టే పని కూడా ఆటలో భాగమే. 1987లో మొదటిసారి వచ్చిన ఈ గేమ్ మంత్రాలు నిజంగా పనిచేసే మధ్యయుగపు యూరప్‌లో నడుస్తుంది. ఐదో ఎడిషన్‌లో కథ మామూలుగా 1220లో మొదలవుతుంది. కింద చెప్పే లెక్కలన్నీ ఆ ఎడిషన్‌వే.

ఇక్కడ ఏడాదిని నాలుగు సీజన్లుగా లెక్కేస్తారు. ఒక్కో సీజన్‌లో మీ మాంత్రికుడు ఒక్క పెద్ద పనే చేయగలడు: పుస్తకం చదవడమో, ల్యాబ్‌లో కొత్త మంత్రం తయారుచేయడమో, శిష్యుడికి పాఠం చెప్పడమో. బంగారం ఎంతున్నా సీజన్‌ను కొనలేరు. అందుకే క్యారెక్టర్ షీట్ మీద ఏ పాయింట్ పెడుతున్నా ఒక ప్రశ్న వేసుకోండి: ఇది నాకు ఎన్ని సీజన్లు మిగులుస్తుంది?

మొదట ల్యాబ్ టోటల్ అర్థం చేసుకోండి

ఈ గేమ్‌లో మంత్రవిద్య రెండు భాగాలు. ఏం చేయాలో చెప్పేవి ఐదు టెక్నిక్‌లు: క్రియో అంటే సృష్టించడం, పెర్డో అంటే నాశనం చేయడం, అలా. దేనిమీద చేయాలో చెప్పేవి పది ఫార్మ్‌లు: ఇగ్నెమ్ అంటే నిప్పు, కార్పస్ అంటే మనిషి శరీరం, అలా. నిప్పు పుట్టించాలంటే క్రియో, ఇగ్నెమ్ రెండూ కావాలి.

కొత్త మంత్రం కోసం ల్యాబ్‌లో కూర్చున్నప్పుడు టెక్నిక్, ఫార్మ్, ఇంటెలిజెన్స్, మ్యాజిక్ థియరీ, ఆ చోటికున్న మాయా ఆరా, ఈ ఐదింటినీ కూడాలి. అదే ల్యాబ్ టోటల్. ఇందులో డై (పాచిక) వేయడం ఉండదు, ఫలితం ముందే తెలిసిపోతుంది. టోటల్ మంత్రం లెవెల్ కన్నా ఎంత ఎక్కువైతే ఆ సీజన్‌లో అన్ని పాయింట్ల పని జరిగినట్టు. పోగైన పాయింట్లు మంత్రం లెవెల్‌ను చేరిన సీజన్‌లో మంత్రం చేతికొస్తుంది.

ఒక్క పాయింట్ విలువ చూడండి

పైలమ్ ఆఫ్ ఫైర్ అనే మంత్రం లెవెల్ 20. మీ మాంత్రికుడికి క్రియో 10, ఇగ్నెమ్ 10, ఇంటెలిజెన్స్ 3, మ్యాజిక్ థియరీ 3, ల్యాబ్ ఉన్నచోట ఆరా 3 అనుకుందాం. టోటల్ 29. సీజన్‌కు 9 పాయింట్లు, అంటే మూడు సీజన్లు పడుతుంది. మూడో సీజన్ అయ్యేసరికి 27 పాయింట్లు పోగవుతాయి, అందులో 7 వృథా.

టోటల్ 30 అయితే సీజన్‌కు 10, రెండు సీజన్లలో సరిగ్గా పూర్తి. ఒక్క పాయింట్‌తో మూడు నెలలు మిగిలాయి. కానీ అక్కణ్ణుంచి 39 దాకా ఎంత పెంచినా ఈ మంత్రానికి రెండు సీజన్లే. మళ్లీ 40 దగ్గర ఒక్క సీజన్‌కు దిగుతుంది. కాబట్టి టోటల్‌ను గుడ్డిగా పెంచడం కాదు, మీకు కావలసిన మంత్రాల గడపలు ఎక్కడున్నాయో ముందు చూసుకోవాలి. లెవెల్‌కు రెట్టింపు మొదటి గడప, ఒకటిన్నర రెట్లు రెండోది.

ఇప్పుడు ఇదే మాంత్రికుడికి మైనర్ మ్యాజికల్ ఫోకస్ అనే గుణం ఇవ్వండి. ఒక ఇరుకైన విషయంలో, ఇక్కడ మంటలు పుట్టించడం అనుకుందాం, టెక్నిక్, ఫార్మ్‌లలో తక్కువగా ఉన్నదాన్ని రెండుసార్లు కూడనిస్తుంది. 29 కాస్తా 39 అవుతుంది. గడపకు ఒక్క పాయింట్ దూరం! ఆ ఒక్కటీ ఉచితంగా దొరుకుతుంది. ప్రతి ఎబిలిటీకీ ఒక స్పెషాలిటీ రాసుకోవచ్చు, ఆ పనిలో దానికి ఒక పాయింట్ కలుస్తుంది. మ్యాజిక్ థియరీ పక్కన ‘మంత్రాలు కనిపెట్టడం’ అని రాయండి. టోటల్ 40, మంత్రం ఒక్క సీజన్‌లో సిద్ధం. షీట్ నింపే తొందరలో ఆ గడిలో ఏదో ఒకటి రాసి వదిలేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పాత్రను తయారుచేసేటప్పుడు

శిష్యరికం పదిహేనేళ్లకు 240 ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు ఇస్తారు. అందులో 90 ముందే పక్కన పెట్టేయండి. లాటిన్ 4కు 50, మ్యాజిక్ థియరీ 3కు 30, ఆర్టెస్ లిబరాలెస్ (మధ్యయుగపు పాఠ్యవిద్యలు) 1కి 5, పార్మా మ్యాజికా (పరుల మంత్రాలనుంచి కాపాడే కవచం) 1కి 5. లాటిన్‌లో కక్కుర్తి పడొద్దు. అది 4 లేకపోతే పుస్తకాలు చదవలేరు, పుస్తకాలు లేని మాంత్రికుడికి ఎదుగుదల లేదు.

మిగిలిన 150లో సగటు ఆటగాడు పదిహేను కళల్లోనూ, అంటే టెక్నిక్‌లు, ఫార్మ్‌లు అన్నిట్లోనూ, తలా కాస్త వేస్తాడు. పరిశోధన చేయాలనుకునేవాడు అలా చేయకూడదు. ఒక కళ 10కి చేరడానికి 55 పాయింట్లు, 5కి 15 మాత్రమే. పైకి పోయేకొద్దీ మెట్టు ఖరీదు పెరుగుతుంది. అందుకని ఒకే కళను ఆకాశానికి ఎత్తడం కన్నా ఒక టెక్నిక్, ఒక ఫార్మ్‌ను జంటగా పెంచడం లాభం. ఫోకస్ ఉంటే మరీను: 10, 10కి 110 పాయింట్లు పడితే ఫోకస్‌తో కలిపి 30 వస్తుంది. దాదాపు అదే ఖర్చుతో, 106 పాయింట్లకు, 13, 5 తీసుకుంటే వచ్చేది 23.

గుణాల విషయంలో నా ఎంపిక ఇది. ఫోకస్ మొదటిది. ఇష్టమైన కళకు ఎఫినిటీ రెండోది, దాంతో ఆ కళలో వేసిన ప్రతి పాయింటూ ఒకటిన్నర అవుతుంది, 55 కావలసిన చోట 37 సరిపోతాయి. కొత్త మంత్రాలే మీ ధ్యేయమైతే ఇన్వెంటివ్ జీనియస్ ల్యాబ్ టోటల్‌కు 3 కలుపుతుంది. చదువుమీద నడిచే పాత్రకు బుక్ లెర్నర్ తప్పనిసరి, ప్రతి పుస్తకం నాణ్యత 3 పెరిగినట్టు లెక్క. బోనిసాగస్ అనే మాంత్రికుల హౌస్‌లో పరిశోధకుడిగా చేరితే పూయిసెంట్ మ్యాజిక్ థియరీ ఉచితంగా వస్తుంది. దాని విలువ 2 పాయింట్లే అయినా నిప్పుకూ నీటికీ ప్రతి ల్యాబ్ పనికీ కలుస్తుంది. ఫోకస్ హద్దులు మాత్రం ఆట మొదలయ్యే ముందే స్టోరీగైడ్‌తో, అంటే ఆట నడిపే వ్యక్తితో, మాట్లాడి ఖాయం చేసుకోండి. మధ్యలో వాదన పడితే మీ లెక్కంతా తారుమారవుతుంది.

ఇంటెలిజెన్స్ 3 తీసుకుంటే లక్షణాలకు ఉన్న 7 పాయింట్లలో 6 పోతాయి. పోనివ్వండి. ఇంకో లక్షణంలో మైనస్ తీసుకునైనా స్టామినా 2 సంపాదించండి. ల్యాబ్‌లో ఇంటెలిజెన్స్ పనికొస్తుంది, బయట మంత్రం వేసేటప్పుడు పనికొచ్చేది స్టామినా.

సొంత తెలివికన్నా కాగితం బలం

చాలామంది పట్టించుకోనిది ఇదే, అసలు లాభమంతా ఉన్నది ఇక్కడే. వేరొకరు కనిపెట్టిన మంత్రం తాలూకు ల్యాబ్ టెక్స్ట్ మీ దగ్గరుంటే, మీ టోటల్ ఆ మంత్రం లెవెల్‌కు సమానమైతే చాలు, ఒక్క సీజన్‌లో నేర్చేసుకోవచ్చు.

బాల్ ఆఫ్ అబిస్మల్ ఫ్లేమ్ లెవెల్ 35. మన మాంత్రికుడి టోటల్ 40. సొంతంగా కనిపెడితే సీజన్‌కు 5 పాయింట్లు, ఏడు సీజన్లు, అంటే దాదాపు రెండేళ్లు. ల్యాబ్ టెక్స్ట్ ఉంటే ఒక్కటే. మిగిలిన ఆరు సీజన్లలో ఆరు మంచి పుస్తకాలు చదవొచ్చు. నేర్చుకునే ముందు వేయగలరో లేదో కూడా చూసుకోండి. రెండు కళలు, ఫోకస్, స్టామినా కలిపి 32, దానికి డై కలిసి 35 చేరాలి. పది లోపు తక్కువ పడినా మంత్రం పనిచేస్తుంది, కాకపోతే మాంత్రికుడు అలసిపోతాడు.

కాబట్టి మీ కవనెంట్‌లో, అంటే మాంత్రికులంతా కలిసి బతికే చోట, లైబ్రరీలో ఏముందో మొదటి రోజే జాబితా తీయండి. లేనివాటికోసం ఇతర మాంత్రికులకు ఉత్తరాలు రాయండి. బేరంలో శుభ్రమైన ప్రతినే అడగండి, ఎందుకంటే మాంత్రికులు తమ ల్యాబ్ నోట్స్‌ను సొంత గుర్తుల్లో రాసుకుంటారు, వాటిని అర్థం చేసుకోవడానికే సీజన్లు పడతాయి. బదులుగా ఇవ్వడానికి మీ మంత్రాలను శుభ్రంగా రాసిపెట్టుకోండి. ఒక సీజన్‌లో లాటిన్ స్కోరుకు 20 రెట్ల లెవెళ్లు రాయొచ్చు. లాటిన్ 5 ఉంటే 100 లెవెళ్లు.

అసలు టెక్స్ట్ ఎక్కడా దొరకని మంత్రాలకే మీ సొంత పరిశోధన దాచుకోండి. అప్పుడు కూడా దానికి దగ్గరగా ఉన్న చిన్న మంత్రం ముందే వచ్చి ఉంటే, దాని లెవెల్‌లో ప్రతి ఐదుకూ ఒక పాయింట్ చొప్పున టోటల్‌కు కలుస్తుంది. లెవెల్ 20 మంత్రం తెలిసి ఉంటే 4 పాయింట్లు. మంత్రాలను ఒక కుటుంబంగా ఎంచుకుంటే ఇది పదేపదే అందుతుంది.

విస్, వయసు

విస్ అంటే వస్తువుల్లో గడ్డకట్టిన మాయాశక్తి. ఒక సీజన్‌లో ల్యాబ్ పనికి మీరు వాడగలిగేది మ్యాజిక్ థియరీకి రెట్టింపు యూనిట్లే. మామూలు రోజుల్లో ఇది గుర్తుకూడా రాదు. ముప్పై ఐదేళ్లు దాటాక వయసు డైలు, అంటే ముసలితనం ఎంత మీద పడిందో తేల్చే పాచికలు, మొదలవుతాయి, అప్పుడు ఆయుష్షు పెంచే లాంజెవిటీ రిచువల్ కావాలి. ప్రతి ఐదేళ్ల వయసుకూ ఒక యూనిట్ విస్ ఖర్చు, 35కి 7. మ్యాజిక్ థియరీ 3 ఉన్నవాడు 6 దాటి వాడలేడు, కాబట్టి ఆ లోపు దాన్ని 4 చేసుకోవాలి. 3 నుంచి 4కు 20 పాయింట్లు పడతాయి.

పైగా ఈ రిచువల్ క్రియో, కార్పస్ మీద నడుస్తుంది. మన నిప్పు మాంత్రికుడికి కార్పస్ లేదు, మ్యాజిక్ థియరీ 4 అయినా టోటల్ 20 మాత్రమే. ప్రతి 5కు ఒకటి చొప్పున వయసు డైల్లో దక్కే రక్షణ 4. కార్పస్‌లో ఆరితేరినవాడితో చేయించుకుంటే రక్షణ చాలా ఎక్కువ వస్తుంది. ఆ ఫీజు కోసం ముప్పై ఏళ్లప్పటి నుంచే విస్ కూడబెట్టండి.

ప్రయోగాలు, సహాయకులు

గడపకు రెండు మూడు పాయింట్లు తక్కువై ఇంకే దారీ లేనప్పుడు ప్రయోగం చేయొచ్చు. టోటల్‌కు పది ముఖాల డై ఒకటి, మీరు ఎంచుకున్న రిస్క్ 3 దాకా కలుస్తాయి. బదులుగా అనుకోని ఫలితాల పట్టికలో డై వేయాలి. మంత్రానికి వింత లోపం అంటుకోవచ్చు, ల్యాబే తగలబడొచ్చు. ఇన్వెంటివ్ జీనియస్ ఉంటే ప్రయోగంలో 3కు బదులు 6 వస్తుంది కనుక ఆ గుణం ఉన్నవాళ్లకే ఇది తరచూ గిట్టుబాటు. లాంజెవిటీ రిచువల్ లాంటి ప్రాణం మీద పనుల్లో మాత్రం అస్సలు వద్దు.

శిష్యుడు ఉంటే అతని ఇంటెలిజెన్స్, మ్యాజిక్ థియరీ రెండూ మీ టోటల్‌కు కలుస్తాయి. కానీ ఏడాదికి ఒక సీజన్ అతనికి పాఠం చెప్పాలి, అదీ పదిహేనేళ్లపాటు. ఏడాదికి ఒకటి రెండు మంత్రాలతో సరిపెట్టుకునే మాంత్రికుడికి ఇది నష్టం. మిగిలిన మూడు సీజన్లూ ల్యాబ్‌లోనే గడిపేవాడు, నాలుగైదు పాయింట్లతో గడప దాటే స్థితిలో ఉన్నవాడు మాత్రం వెతికి మరీ తెలివైన పిల్లవాణ్ణి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాక మొదటి పాఠంగా మ్యాజిక్ థియరీయే చెప్పండి. అది వచ్చేవరకూ ల్యాబ్‌లో అతను సాయపడలేడు.