దూరప్రయాణాలకు పాత తెరచాప పడవను కొనే ముందు ఎలా పరిశీలించాలి?

విశాఖపట్నంలో ఉంచుకోవడానికి పాత తెరచాప పడవ కొనదలచినవారు క్యాబిన్‌లోని పరుపులనూ వంటగదినీ చూసి ధర మాట్లాడకూడదు. బంగాళాఖాతంలో రోజుల తరబడి తిరగవలసిన పడవ బలమంతా కంటికి ఆనని చోట్లనే ఉంటుంది కనుక, పరిశీలన అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా పడవను గట్టుకు ఎక్కించమని అడగండి. అందుకు ఒప్పుకోని యజమానితో బేరం అంతటితో ఆపడం మేలు. ఫైబర్‌గ్లాస్ అడుగుభాగాన్ని చిన్న ప్లాస్టిక్ సుత్తితో వరుసగా తట్టుతూ వెళ్లండి; డొల్ల శబ్దం వచ్చిన చోట లోపలి పొరలు విడిపోయి ఉండవచ్చు. అడుగుభాగం పైపూతలో ఉబ్బిన పొక్కును గుచ్చినప్పుడు వెనిగర్ వంటి పుల్లని వాసనతో ద్రవం కారితే, నీరు పొరల్లోకి ఇంకిందని అర్థం. నాలుగైదు పొక్కులకు భయపడనక్కరలేదు, ధర తగ్గించమనడానికి అవి పనికివస్తాయి. కీల్ (పడవ అడుగున కిందికి దిగే బరువైన రెక్క) అతుకు వద్ద పగులు, తుప్పు చారలు కనబడితే మాత్రం బోల్టులను పరీక్షించనిదే బయానా ఇవ్వకండి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం మాస్ట్‌ను, అంటే తెరచాపను మోసే స్తంభాన్ని, నిలబెట్టే స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలకు కేటాయించాలి. ప్రతి తీగ కింది కొసన, ఫిట్టింగ్‌లోకి దూరే చోట దూదితో తుడవండి; తెగిన పోగు ఒక్కటున్నా దూది దానికి చిక్కుకుంటుంది. ఆ తీగలను పడవకు బిగించే చైన్‌ప్లేట్లు మరింత మోసగిస్తాయి: పైకి తళతళలాడుతున్నా, డెక్కు మందంలో గాలి తగలక తడి నిలిచిన చోట స్టెయిన్‌లెస్ స్టీలును సైతం తుప్పు తినేస్తుంది. క్యాబిన్ చెక్క పలకలను తీయించి, గోధుమరంగు మరకల కోసం టార్చి వేసి వెదకండి. తీగలకు 10-15 ఏళ్లు దాటితే, అవి బాగానే కనబడుతున్నా కొత్తవాటి ఖర్చును లెక్కలో వేసుకోవాలి. ఉప్పుగాలికి ఇంటి గేట్లు ఏమవుతాయో బీచ్ రోడ్డు వాసులకు వేరే చెప్పనక్కరలేదు.

పడవ అడుగున నీటి గొట్టాలకు ఉన్న వాల్వులన్నిటినీ చేత్తో తిప్పి చూడండి. ఇత్తడి వాల్వు గులాబీ రంగుకు తిరిగితే అందులోని జింకు కరిగిపోయినట్టే. కాక్‌పిట్ (డెక్కు మీద పడవ నడిపేవారు కూర్చునే గుంట) చిన్నదై, అలలతో నిండినా నీరు త్వరగా పోయే పెద్ద తూములు ఉండాలి. విశాలమైన కాక్‌పిట్ రేవులో కూర్చోవడానికే బాగుంటుంది.

ఇంజన్‌ను యజమాని ముందే వేడిచేసి ఉంచాడేమో తాకి చూసి, చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలి పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోందన్నమాట. ఆపై రేవు పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి తీసుకువెళ్లి, ఉదయం గాలి మందంగా ఉండగా ఇంజన్‌నూ, మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక తెరచాపలనూ పరీక్షించవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన నగరమిది. కాబట్టి తుఫానుల కాలంలో పడవను ఎక్కడికి ఎక్కించి కట్టేస్తారో తేల్చుకున్నాకే డబ్బు చెల్లించండి.