గోరింటాకుతో నారింజ రంగొచ్చే తెల్ల జుట్టు నల్లబడింది: నా అనుభవం

గోరింటాకు పెట్టిన ప్రతిసారీ చెంపల దగ్గర తెల్ల వెంట్రుకలు నారింజ రంగుకు తిరిగేవి. టీ డికాక్షన్, బీట్‌రూట్ రసం, ఇనుప మూకుడు ఏవీ పనిచేయలేదు.

పనిచేసింది రెండో పూత. గోరింటాకు 3 గంటలు ఉంచి, షాంపూ లేకుండా కడిగాను. జుట్టు తడిగా ఉండగానే నీలి ఆకు (ఇండిగో మొక్క ఆకు) పొడిని గోరువెచ్చని నీళ్లలో, చిటికెడు ఉప్పు వేసి కలిపాను. దీన్ని గోరింటాకులా రాత్రంతా నానబెట్టకూడదు, మొదట్లో నేను చేసిన తప్పు అదే. 15 నిమిషాలకే పట్టించి, గంటన్నర తర్వాత ఉత్త నీళ్లతో కడిగాను. ఆ పూట ఆకుపచ్చగా కనిపించి టెన్షన్ పడ్డాను. గాలి తగిలి రెండు రోజుల్లో నల్లబడింది. అప్పటిదాకా షాంపూ ముట్టలేదు.

నాది పలచటి జుట్టు. మొండి వెంట్రుకలకు నీలి ఆకు రెండోసారి పెట్టాల్సి రావచ్చు. ముందు చెవి వెనక కొంచెం రాసి చూసుకోండి.